తిరుగుటపా మాస్టారు

మా మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కణ్ణించీ ఒక్కసారిగా వెళ్ళిపోలేరు. "మరి వెళ్ళొస్తానమ్మా" అంటారు, చెప్పులేసుకుంటారు, మెట్లు దిగుతారు, గేటు దాకా నడుస్తారు. అక్కడ ఆగి, జేబులు తడుముకుని, వెనక్కి వచ్చేస్తారు. అందరమూ వెళ్ళొస్తామనే చెప్పి వెళ్ళిపోతాం. ఆయన మాత్రం మాట మీద నిలబడే మనిషి.

మొదటిసారి గొడుగు కోసం వచ్చేవారు. రెండోసారి కళ్ళద్దాల పెట్టె కోసం. మూడోసారి ఫ్లాస్కు మూత కోసం. ఫ్లాస్కు మరిచిపోయారంటే నమ్మవచ్చు. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని మూత ఒక్కటే మరిచిపోవడం ఎలాగో, భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న నాకు కూడా అంతుబట్టలేదు.

మా విభాగంలో అందరూ ఆయన్ని 'తిరుగుటపా మాస్టారు' అనేవారు. ఆ పేరు ఆయనకీ తెలుసు. ఎవరైనా నోరుజారి ఎదురుగా అనేసి నాలుక కరుచుకుంటే, "పరవాలేదు నాయనా, తిరుగుటపా అంటే చేరాల్సిన చోటికే చేరుతుంది కదా" అనేవారు. క్యాంటీన్ పెద్దాయన, మాస్టారు మూడోసారి వచ్చి వెళ్ళేదాకా ఆయన బల్ల తుడిచేవాడు కాడు. గేటు దగ్గర కాపలాదారు కూడా మూడు లెక్కపెట్టాకే గేటు మూసేవాడు.

ఒకసారి బస్సులో నేను స్వయంగా చూశాను. మాస్టారు మా స్టాపులో దిగి, నాలుగడుగులు వేసి, గబగబా వచ్చి మళ్ళీ ఎక్కారు. కండక్టరుకి ఒళ్ళు మండింది.

"మాస్టారూ, దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు ఎక్కండి. మీరు ఏ జట్టు?"

"రెండింట్లోనూ ఉన్నాను నాయనా" అన్నారు మాస్టారు, గొడుగు వెతుక్కుంటూ.

పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు మరీ విడ్డూరం. పీకించుకుని వెళ్ళి, ఒకసారి వచ్చారు, రెండుసార్లు వచ్చారు. మూడోసారి గుమ్మంలో కనబడగానే డాక్టరు మాట్లాడకుండా ఆ పన్నునే కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడట. "ఇదే అయ్యుంటుంది, పట్టుకెళ్ళండి."

పాఠం చెప్పడం కూడా ఆయనకి ఇలాగే వచ్చు. ఆయన జీవితమంతా ధారపోసిన విషయం ఒక్కటే. ఆకాశంలోంచి మన మీదికి ఎప్పుడూ కొన్ని కణాలు వచ్చిపడుతుంటాయి. వాటిలో కొన్నింటి వేగం చూస్తే దాదాపు వెలుగు వేగం. అంత శక్తి వాటికి ఎక్కడిది? అదీ మాస్టారి ప్రశ్న.

"ఎక్కడో ఒక నక్షత్రం పేలుతుంది" అని మొదలుపెట్టేవారు. "ఆ ఊపుకి చుట్టూ ఉన్న వాయువు గోడలా దూసుకుపోతుంది. గోడంటే ఇటుకల గోడ కాదు. ఇటు పలచన, అటు దట్టం, మధ్యలో ఒక సరిహద్దు. దాన్నే షాక్ వేవ్ అంటాం. విద్యుదావేశం ఉన్న చిన్న కణం ఒకటి ఆ సరిహద్దు దాటుతుంది. అవతల చిక్కులు పడ్డ అయస్కాంత క్షేత్రాలు దాన్ని ఇటు తోస్తాయి. ఇవతలవి మళ్ళీ అటు తోస్తాయి. రెండు వైపులా ఒకదానికొకటి ఎదురొస్తున్నట్టే కదా, అందుకని దాటిన ప్రతిసారీ కణానికి కాస్త వేగం కలుస్తుంది. అర్థమైందా?"

అర్థం కాలేదన్నాం. "అయితే లేవండి" అన్నారు. తరగతిలో అందరికన్నా లావుగా ఉన్నవాణ్ణి గుమ్మం లోపల నిలబెట్టారు. అటెండరుని వరండాలో నిలబెట్టారు. "ఈ గుమ్మం సరిహద్దు. నేను కణాన్ని. వచ్చినప్పుడల్లా నన్ను తొయ్యండి. మొహమాటపడకండి."

మొదటిసారి ఇద్దరూ మొహమాటపడ్డారు. రెండోసారికి అటెండరుకి సరదా పుట్టింది. ఆయనకి పదేళ్ళుగా తీరని కోరికలు కొన్ని ఉన్నట్టున్నాయి. నాలుగోసారికి మాస్టారు పరుగందుకున్నారు. ఐదోసారి గుమ్మంలోంచి బాణంలా బయటికి దూసుకెళ్ళేసరికి, అటెండరు ఉండాల్సిన చోట మా శాఖాధిపతి ఫైళ్ళు మోసుకుని వస్తున్నారు. ఇద్దరూ కిందపడ్డారు. కాగితాలు వరండా నిండా ఎగిరాయి.

"చూశారా? శక్తి వచ్చిందా, లేదా?" నేల మీదనుంచే అడిగారు మాస్టారు.

"నాకు నడుము నొప్పి వచ్చింది" అన్నారు శాఖాధిపతి.

దానికి క్షమాపణ చెప్పడానికి మాస్టారు ఆ సాయంత్రం ఆయన గదికి వెళ్ళారు. మూడుసార్లు వెళ్ళారని చెప్పక్కర్లేదనుకుంటాను.

ఆ రోజే నేను లేచి ఒక మాట అడిగాను. "మరి అన్ని కణాలకీ అంత వేగం వస్తుందా మాస్టారూ?"

"రాదమ్మా. వాయువు వెనక్కి లాక్కుపోతూ ఉంటుంది కదా. ఒకసారి దాటి కొన్ని కొట్టుకుపోతాయి, పదిసార్లు దాటి కొన్ని కొట్టుకుపోతాయి. ఏ లక్షకొకటో మాత్రం వందలసార్లు తిరిగొస్తుంది."

"అంటే అది గొప్ప కణం అన్నమాట."

"ఏం గొప్పా లేదు. మిగతావాటిలాంటిదే. తిరిగొచ్చింది, అంతే."

దీన్ని నోటు పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. పరీక్షలో అడిగి ఉంటే మార్కులు కూడా వచ్చేవి.

తర్వాత ఆయన దగ్గరే పరిశోధనకి చేరాను. నా పని కంప్యూటరులో ఒక ఉత్తుత్తి షాక్ వేవ్ కట్టి, లక్ష కణాల్ని అందులోకి వదిలి, ఎన్నింటికి ఎంత వేగం వస్తుందో లెక్కపెట్టడం. అన్ని కణాల వెంటా చివరిదాకా పడితే ఆ యంత్రానికి జన్మలో పని తెమలదు. అందుకని సరిహద్దుకి వెనక, కొంత దూరంలో ఒక గీత గీస్తాం. ఆ గీత దాటిన కణం ఇంక రాదని తీర్మానించి, లెక్కలోంచి కొట్టేస్తాం. అందరూ చేసేదే, నేనూ చేశాను.

ఎనిమిది నెలలు కుస్తీపట్టాను. నా కణాలు మొదట్లో చక్కగా పుంజుకునేవి. కొంత వేగం వచ్చాక ఒక్కటీ మిగిలేది కాదు. ప్రోగ్రాము ఎన్నిసార్లు తిరగరాసినా అంతే. దీని మధ్యలో మాస్టారు. నేను వేళ్ళు మడిచి ఏదో లెక్క సగానికి తెచ్చేసరికి గుమ్మంలో తల కనబడేది.

"గొడుగు ఇక్కడే పెట్టానా? ఆఁ, ఉంది. టీ తాగావా అమ్మా?"

"తాగానండీ."

లెక్క మళ్ళీ మొదటినుంచి. సగానికి వచ్చేసరికి మళ్ళీ తల. "కళ్ళద్దాల పెట్టె... ఇదిగో. ఇంటి దగ్గర అమ్మ కులాసానా?"

"కులాసానండీ."

మూడోసారి మూత చేత్తో పట్టుకుని వెళ్ళబోతూ ఆగేవారు. "పని సాగుతోందా?"

"సాగుతోందండీ" అని పళ్ళు నూరేదాన్ని. నిజానికి పని సాగడం లేదు, అమ్మ కులాసాగా లేదు, ఎన్నోసార్లు టీ కూడా తాగలేదు. అసలే నాకు ముక్కు మీద కోపం. ఈయన పుణ్యమా అని అది కళ్ళ దాకా ఎక్కేది.

ఆ శనివారం నా పనిని కమిటీ ముందు పెట్టాల్సి వచ్చింది. నా గ్రాఫు చూసి, బంగారు ఫ్రేము కళ్ళద్దాల సభ్యుడొకాయన గొంతు సవరించుకున్నారు. "మీ కణాలకి ఓపిక తక్కువనుకుంటానమ్మా." అందరూ నవ్వారు. నవ్వులయ్యాక శాఖాధిపతి మెల్లగా చెప్పారు. "ఒక నెల చూద్దాం. దారిలో పడకపోతే ఈ పరిశోధన ఆపేద్దాం. అమ్మాయి భవిష్యత్తు కూడా చూడాలి కదా."

మాస్టారు ఒక్కమాట మాట్లాడలేదు. నా గ్రాఫుని దగ్గరగా పెట్టుకుని, కళ్ళద్దాలు తీసి చూసి, పెట్టుకుని చూసి, ఊరుకున్నారు. కమిటీ నవ్వినందుకు నాకు అంత బాధ లేదు. ఆయన ఊరుకున్నందుకు గుండె మండిపోయింది.

సాయంత్రం నా గదికి వచ్చారు. ముప్పావుగంట కూర్చున్నారు. క్యాంటీన్ పెద్దాయన మోకాలి సంగతి చెప్పారు. నా కిటికీ రెక్క సరిగా పడటం లేదని లేచి రెండుసార్లు వేసి చూశారు. గ్రాఫు మాట మాత్రం ఎత్తలేదు. ఆఖరికి లేచారు. "మరి వెళ్ళొస్తానమ్మా."

ఆయన వెళ్ళాక బల్ల వైపు చూశాను. కుర్చీ వెనక గొడుగు ఉంది. కాగితాల మధ్యలో కళ్ళద్దాల పెట్టె ఉంది. కిటికీలో ఫ్లాస్కు మూత ఉంది. ఇప్పుడు ఒకసారి వస్తారు, టీ అంటారు. రెండోసారి వస్తారు, అమ్మ అంటారు. మూడోసారి వచ్చి పని సాగుతోందా అంటారు. ఆ మాట ఇవాళ వింటే నేను మనిషిని కాను అనిపించింది. మూడింటినీ ఒక గుడ్డసంచీలో కుక్కాను. నేల మీద ఆయన కలం కూడా దొరికితే అదీ వేశాను. పరుగెత్తి మెట్ల మలుపులో పట్టుకున్నాను.

"మాస్టారూ! ఇవిగో."

ఆయన సంచీలోకి తొంగి చూశారు. "అన్నీ ఉన్నట్టున్నాయే."

"అన్నీ ఉన్నాయండీ. మూత కూడా."

"ఇంకేం మిగల్లేదూ?"

"లేదండీ. వెతికి మరీ తెచ్చాను. ఇంక మీరు వెనక్కి రావక్కర్లేదు."

ఆయన కళ్ళద్దాల పెట్టె బయటికి తీసి, చేతిలో అటూ ఇటూ తిప్పారు. "దీన్ని అక్కడే ఉండనివ్వాల్సిందమ్మా."

"ఎందుకండీ? మళ్ళీ మెట్లెక్కడానికా?"

ఇంత పెడసరంగా నేను మా ఇంట్లో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. మాస్టారు కొంచెం నవ్వి, "సరేనమ్మా" అని మెట్లు దిగారు. కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర ఆగారు. జేబులు తడుముకున్నారు. సంచీ చూసుకున్నారు. కాసేపు అలాగే నిలబడి, వెళ్ళిపోయారు. కాపలాదారు అలవాటు కొద్దీ గేటు తెరిచి పట్టుకుని చాలాసేపు దారి వైపే చూశాడు.

మర్నాడు తెల్లవారుతూనే కార్యాలయం తలుపు కింద రాజీనామా కాగితం తోసి, గది తాళం కాపలాదారుకిచ్చి, ఊరు విడిచాను. చిరునామా ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని. కొట్లకి వెళ్ళి, కాటా మీద కిలో రాయి పెట్టి, కిలో కిలోయేనని ముద్ర వేసి వస్తాను. మంచి ఉద్యోగమే. ఏ రాయీ దాని చోటునుంచి కదలదు. పదకొండేళ్ళు ఇలా గడిచాయి. రాత్రి డాబా మీద బట్టలు తీసేటప్పుడు నక్షత్రాల వైపు చూడకుండా ఉండటం కూడా అలవాటైంది.

కిందటి నెల ఒక పచారీ కొట్టులో కాటా పరీక్ష చేస్తుంటే, కొట్టాయన నన్నే గుడ్లప్పగించి చూస్తున్నాడు. "అమ్మా, మీరు తిరుగుటపా మాస్టారి దగ్గర చదివిన అమ్మాయిగారు కదూ?"

చూస్తే క్యాంటీన్ పెద్దాయన. క్యాంటీన్ వదిలేసి కొడుకు ఊళ్ళో కొట్టు పెట్టాడట. "మాస్టారు ఎలా ఉన్నారు?" అని అడిగాను.

"అయ్యో, మీకు తెలీదా అమ్మా? పోయి నాలుగు నెలలైంది."

చేతిలో కిలో రాయి అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆయన స్టూలు తెచ్చి వేశాడు. "నా మోకాలు చూడండమ్మా. ఇవాళ ఇలా నడుస్తున్నానంటే ఆయన చలవే. ఎలా ఉంది నాయనా అని అడిగారు. బాగుందన్నాను. వెళ్ళారు. గొడుక్కోసం వచ్చి మళ్ళీ అడిగారు. బాగుందనే అన్నాను. మూడోసారి వచ్చేసరికి నేను బల్ల పట్టుకుని ఏడుస్తున్నాను. అప్పటికప్పుడు బండి పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆస్పత్రినుంచి కూడా మూడుసార్లు వెళ్ళొచ్చారనుకోండి!" ఆయన నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. "అయినా మొదటిసారి అడిగితే నిజం ఎవడు చెప్తాడమ్మా?"

ఆ ఆదివారం మాస్టారి ఇంటికి వెళ్ళాను. మేడ మీద రెండు గదులు. మాస్టారి భార్యని మేమందరం అమ్మగారనేవాళ్ళం. తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, "సంచీ అమ్మాయివి కదూ?" అన్నారు. నా తల నేలకి వాలిపోయింది.

గదిలో ప్రతి వస్తువూ దాని చోట ఉంది. పుస్తకాలు ఎత్తుల ప్రకారం, తాళంచెవులు మేకుల ప్రకారం. ఏదో ఒకటి మాట్లాడాలని, "మాస్టారు ఇంట్లో కూడా అన్నీ మరిచిపోయేవారా అండీ?" అని అడిగాను.

అమ్మగారు పకపకా నవ్వారు. "మరుపా? ఆయనకా? అగ్గిపెట్టెలో పుల్లలెన్ని మిగిలాయో చెప్పే మనిషి. నలభై ఏళ్ళలో ఒక్క తాళంచెవి పారేసుకోలేదు. పొద్దున్నే బయల్దేరుతూ నన్ను అడిగేవారు, ఏమోయ్, ఇవాళ ఏం మరిచిపోను అని." తలుపు వెనక్కి చెయ్యి చూపించారు. అక్కడ రెండు గొడుగులు వేలాడుతున్నాయి. "అది వానకి. ఇది మరిచిపోవడానికి."

తర్వాత లోపలికి వెళ్ళి కళ్ళద్దాల పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నేను సంచీలో కుక్కిన పెట్టె. తెరిస్తే కళ్ళద్దాలు లేవు. నేను అప్పట్లో అద్దెకున్న ఇంటి చిరునామా రాసిన కవరు ఒకటి మడిచి ఉంది. దాని మీద తపాలావాళ్ళ ముద్ర ఉంది, ఈ చిరునామాలో లేరని. లోపల చిన్న కాగితం.

"అమ్మాయ్, వెనక గీత మరీ దగ్గరగా గీశావు. వేగం పెరిగినకొద్దీ కణం ఎక్కువ దూరం పోయి మరీ తిరిగొస్తుంది. తిరిగొచ్చేవాటిని కూడా నువ్వు పోయినవాటి కింద కొట్టేస్తున్నావు. గీతని ఇంకాస్త అవతలికి జరుపు. మిగతా పనంతా చక్కగా ఉంది."

గీత జరపడానికి ఒక్క అంకె మార్చాలి. ఎనిమిది నెలలు తిరగరాసిన ప్రోగ్రాములో నేను ముట్టుకోని అంకె అదొక్కటే.

"ఆ రోజు ఈ కాగితాన్నే పెట్టెలో పెట్టి నీ బల్ల మీద వదిలారు" అన్నారు అమ్మగారు. "నువ్వు తెరిచి చూసి దిద్దుకుంటే, పెట్టె కోసం వచ్చి ఏమీ ఎరగనట్టు పట్టుకుపోదామని. కమిటీలో నోరు విప్పితే ఆయన దిద్దినట్టవుతుందట. నువ్వే పట్టుకున్నట్టు ఉండాలట."

"నేను సంచీ ఇచ్చాక ఏమన్నారండీ?"

"నవ్వారు. ఇవాళ ఆ అమ్మాయి నన్ను ఒక్కసారికే పంపించేసిందోయ్ అన్నారు. అన్నం మాత్రం సరిగా తినలేదు."

"మరి మర్నాడు చెప్పి ఉంటే..." అని, మాట మధ్యలోనే మింగేశాను.

"మర్నాడు పొద్దున వెళ్ళారమ్మా. నీ గదికి తాళం. సాయంత్రం మళ్ళీ వెళ్ళారు. తాళం. ఆ మర్నాడు కూడా చూసి, ఈ కాగితాన్నే కవర్లో పెట్టి పోస్టులో వేశారు. అదీ తిరిగొచ్చింది. పారేస్తానంటే ఒప్పుకోలేదు. ఉండనీ, ఆ అమ్మాయి వస్తుంది అన్నారు."

నేను ఏడ్చాను. ఆ కాగితం కోసం కాదు, పోయిన చదువు కోసం కూడా కాదు. మెట్ల మలుపులో ఒక పెద్దాయన సంచీలోకి చూసి "ఇంకేం మిగల్లేదూ" అని అడిగినప్పుడు, ఒక్క నిమిషం ఆగనందుకు. పదకొండేళ్ళలో ఏదో ఒక రోజు బస్సెక్కి రానందుకు. వచ్చి ఉంటే ఆయన మొదట గొడుగు సంగతి మాట్లాడేవారు, నేను మూడోసారికి క్షమించమని అడిగేదాన్ని. అమ్మగారు నన్ను ఏడవనిచ్చి, మంచినీళ్ళిచ్చారు.

లేచేముందు అడిగాను. "ఒక్కరే ఎలా ఉంటున్నారండీ?"

"నాకేం తల్లీ, నిక్షేపంగా ఉన్నాను" అన్నారు అమ్మగారు.

"మరి వెళ్ళొస్తానండీ" అని, పెట్టె సంచీలో వేసుకుని మెట్లు దిగాను. వీధి మలుపు దాకా నడిచాను. నేను ఇన్‌స్పెక్టర్ని, వస్తువులు మరిచిపోయే అలవాటు లేదు. అయినా నా గొడుగు ఆవిడ కుర్చీ వెనక ఉంది. అది అక్కడ ఉందని నాకు మెట్టు మెట్టుకీ గుర్తుంది. మలుపులో ఆగి, జేబులు లేని చీర కట్టుకుని ఏం తడుముకోవాలో తెలీక, ఊరికే ఒక నిమిషం నిలబడి వెనక్కి తిరిగాను.

తలుపు తీసే ఉంది. బల్ల మీద రెండు కప్పుల కాఫీ పొగలు కక్కుతోంది. గొడుగు పెట్టినచోటే ఉంది, దాన్నెవరూ ముట్టుకోలేదు.

"ఇంత ఆలస్యమా?" అన్నారు అమ్మగారు. "ఆయనైతే ఈపాటికి రెండోసారి కూడా వచ్చి వెళ్ళేవారు. కూర్చో."

కూర్చున్నాను. "ఎలా ఉన్నారండీ?" అని మళ్ళీ అడిగాను.

ఆవిడ కప్పు నా వైపు జరిపి, "కాఫీ తాగి వెళ్ళు. ఇంకా ఒకసారి వచ్చి అడగాలిగా, అప్పుడు చెప్తాను" అన్నారు.

కాఫీ తాగి లేచాను. గొడుగు తీసుకున్నాను. కళ్ళద్దాల పెట్టెను సంచీలోంచి తీసి, బల్ల మధ్యలో ఆవిడకి కనబడేలా పెట్టి, జాగ్రత్తగా మరిచిపోయాను.